రాజా అన్నామలై గారి ఊళ్ళో రెండేళ్ళు, ఒక నోటుపుస్తకం

అన్నామలై యూనివర్సిటీలో చదివానని ఎవరితో చెప్పినా మనవాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే. "కరస్పాండెన్సా?"

మన వైపు ఆ పేరు పోస్టులో వచ్చే పుస్తకాలకూ, ఉద్యోగం చేసుకుంటూ రాసే పరీక్షలకూ అంతగా అతుక్కుపోయింది. కాదండీ, అక్కడే హాస్టల్లో ఉండి చదివాను, 1982 నుంచి 84 దాకా, చిదంబరంలో, ఎం.ఏ. ఎకనామిక్స్ అని చెప్పేసరికి ఎదుటివాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోతారు. ఆ పేరు ఒక మనిషిదని, ఆయన వడ్డీ వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి బ్యాంకులు పెట్టాడని, పాట కోసం పట్టుబట్టి కూర్చున్నాడని చెప్పే సందు దొరకదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన ఇండియన్ బ్యాంకులో క్యాషియరు. మాది నెల్లూరు. నన్ను చేర్పించడానికి ఆయనే వచ్చాడు. మద్రాసులో సెంట్రల్లో దిగి ఎగ్మోరుకు మారి, అక్కడ మీటరుగేజి బండి ఎక్కాం. విళుపురం దాటాక నాయన మొదలుపెట్టాడు. మామూలుగా ఆయన మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. ఆ రోజు మాత్రం కడలూరు వచ్చేదాకా ఆపలేదు.

1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ మూతపడింది. తెల్లదొరల బ్యాంకు, ఎవరూ అనుమానించని బ్యాంకు. రిటైరైన గుమాస్తాలు, విధవరాళ్ళు, చిన్న వ్యాపారులు అందులోనే దాచుకున్నారు. అంతా పోయింది. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు పద్దెనిమిది నెలల కఠినశిక్ష పడింది కానీ పోయిన డబ్బు తిరిగి వస్తుందా? అప్పుడు వి.కృష్ణస్వామి అయ్యరు అనే వకీలు, మన డబ్బు మన చేతిలోనే ఉండాలని పూనుకుని, వడ్డీ వ్యాపారం చేసే నాట్టుకోట్టై చెట్టియార్లను కూడగట్టాడు. 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు తలుపులు తెరిచింది. మొదటి డైరెక్టర్లలో కానాడుకాత్తాన్ ఊరి రామస్వామి చెట్టియారు ఒకరు. ఆయన తమ్ముడు అన్నామలై. అప్పటికి పాతికేళ్ళవాడు.

"మనం తినే కూట్లో ఆ ఇంటి గింజ ఉంది పాపా," అన్నాడు నాయన. "ఇప్పుడు నీ చదువులోనూ ఉండబోతోంది."

తర్వాత ఇంకో అంకె చెప్పాడు. 1920లో ఆ అన్నామలై చెట్టియారు చిదంబరంలో మీనాక్షి కాలేజీ పెట్టాడు. తర్వాత సంస్కృతానికి, తమిళానికి ఒక్కో కాలేజీ. 1928లో వాటన్నిటినీ యూనివర్సిటీ చేయడానికి సర్కారుకు అప్పగించి, పైన ఇరవై లక్షలు ఇచ్చాడు. నాయన ఆ అంకెను రెండుసార్లు పలికాడు. దినమంతా ఎవరి డబ్బో లెక్కపెట్టే మనిషికి, 1928లో ఇరవై లక్షలంటే ఎంతో మాకంటే బాగా తెలుసు. మరుసటి ఏడు యూనివర్సిటీ పుట్టింది. ఆ ఏడే ఆయనకు వంశపారంపర్యంగా 'రాజా' బిరుదు వచ్చింది. ఆ సర్కారు సర్ బిరుదు అంతకు ముందే ఇచ్చింది. అక్కడివాళ్ళు ఇప్పటికీ రెండూ కలిపి 'రాజా సర్' అనే అంటారు.

చిదంబరంలో రైలుపట్టాలకు పడమట గుడి, ఊరు. తూర్పున యూనివర్సిటీ, అన్నామలై నగర్. మా హాస్టల్ మేడ మీదికెక్కితే నాలుగు గోపురాలూ కనిపించేవి. ఆదివారాలు పట్టాలు దాటి వీధుల్లో పడి తిరిగేవాళ్ళం. గుడి దగ్గర ఒక చిన్న హోటల్లో పొంగలిలోకి వంకాయ గొత్సు వేసేవాళ్ళు. మన గొజ్జు కాదది, దాని రుచి వేరు. చిదంబరం గొత్సు చిదంబరంలోనే తినాలి. నలభై ఏళ్ళుగా ఇంట్లో చేస్తూనే ఉన్నాను, ఒక్కసారీ రాలేదు.

నా గదిలో ఉన్న పిల్లది చెట్టినాడు. నగరత్తార్ల అమ్మాయి, అంటే ఆ నాట్టుకోట్టై చెట్టియార్ల ఇంటి పిల్లే. వాళ్ళల్లో ఆడవాళ్ళను ఆచ్చి అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. నాకంటే ఒక ఏడు చిన్న. పన్నెండేళ్ళు సంగీతం నేర్చుకుంది. నేనూ నెల్లూరులో పంతులమ్మ దగ్గర కొంత నేర్చుకున్నదాన్నే గానీ, ఆచ్చి గొంతు ముందు నాది గొంతే కాదు.

మా పంతులమ్మకు ఈ రాజా పేరు చెబితే మండేది. నేను చిదంబరం పోతున్నానని చెప్పడానికి వెళితే, "మన త్యాగయ్యను కచేరీలోంచి బయటికి తోసెయ్యమన్న మహానుభావుడి ఊరికా?" అంది. ఆమె చిన్నతనంలో మద్రాసులో ఆ గొడవ మండుతుండగా చూసింది. తమిళదేశంలో కచేరీకి పోతే ఒకటో రెండో తుక్కడాలు (చివర్లో పాడే చిన్న పాటలు) తప్ప అంతా తెలుగు, సంస్కృతమే వినిపిస్తోంది, తమిళ పాట చివర్లో తాంబూలంలా వస్తోంది అని రాజా అన్నామలై బాధపడ్డాడు. తమిళ పాటలు నేర్పడానికి, స్వరపరిచి అచ్చు వెయ్యడానికి యూనివర్సిటీకి డబ్బిచ్చాడు. 1941లో అన్నామలై నగర్‌లో తమిళ ఇసై (తమిళ సంగీతం) మహాసభ పెట్టాడు. రాజాజీ, కల్కి, టి.కె.చిదంబరనాథ ముదలియారు, ఆర్.కె.షణ్ముఖం చెట్టి ఆయన పక్కన నిలిచారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ పెద్దలు ఒప్పుకోలేదు. సంగీతానికి భాష అడ్డు కాదు, ఉన్న సంప్రదాయాన్ని చెడగొట్టొద్దు అన్నారు. మా పంతులమ్మ అకాడమీ వైపు. నేను పంతులమ్మ వైపు. పెట్టెతోపాటు ఆ కోపాన్ని కూడా మోసుకునే చిదంబరం వెళ్ళాను.

ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది. వరండాలో కూర్చుని ఆచ్చి కల్యాణి రాగంలో త్యాగయ్య కృతి ఎత్తుకుంది. నిధి చాల సుఖమా. ఎంత బాగా పాడిందంటే, పక్క గదుల పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని వచ్చి చుట్టూ కూర్చున్నారు. అయిపోయాక, "చిన్నప్పుడు ఈ పాట నాకు భలే నవ్వు తెప్పించేదక్కా," అంది. "నిధి అని ఎవరో ఒక ఆవిడ ఉంది, ఆవిణ్ణి 'బాగున్నావా' అని పలకరిస్తున్నారు అనుకున్నాను." తమిళంలో సుగమా అంటే కులాసాయేనా అని. పెద్దయ్యాక నిధి అంటే డబ్బని తెలిసిందట. మిగతాది? "మిగతాది తెలీదు. మా మాస్టారు రాగం చెప్పారు, తాళం చెప్పారు, అర్థం చెప్పలేదు. ఆయనకీ తెలీదనుకుంటా."

పన్నెండేళ్ళు! నాకు గుండెలో ఎక్కడో కలుక్కుమంది. అంత గొంతు పెట్టుకుని, అన్ని సంగతులు వేస్తూ, తాను ఏం అడుగుతోందో తెలియకుండానే అడిగింది ఆ పిల్ల.

ఆ రాత్రి కొవ్వొత్తి వెలుతురులో చెప్పాను. ఇది మనసును అడుగుతున్న ప్రశ్న. నిజం చెప్పు, ధనం సుఖమా, రాముడి ఎదుట నిలబడి సేవ చేసుకోవడం సుఖమా అని. పెరుగు, వెన్న, పాలు రుచా, ఆ ధ్యానం రుచా. ఇంద్రియనిగ్రహమనే గంగలో మునగడం సుఖమా, కర్దమం అంటే బురద, ఆ బురదబావిలో మునగడం సుఖమా. చివరికి, మనుషుల్ని పొగడటం సుఖమా, ఆయన్ను పాడుకోవడం సుఖమా. తంజావూరు రాజు కానుకలు పంపి ఆస్థానానికి పిలిస్తే, పోకుండా ఇది పాడాడని చెప్పుకుంటారు అన్నాను.

ఆచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్ళీ పాడతాను, విను," అంది. అదే పాట, అదే గొంతు. కానీ 'బురదబావి' దగ్గర ఆ పిల్ల గొంతు మారిపోయింది. నేను మాటల్లో చెప్పలేను, విన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు.

"మా రాజా సర్ అడిగింది ఇదే కదక్కా," అంది పాడటం ఆపి. "పాడేవాళ్ళకీ, వినేవాళ్ళకీ అర్థం కావాలని."

నేను జవాబు చెప్పలేదు. పంతులమ్మ గుర్తొచ్చింది.

మర్నాడు ఆచ్చి ఒక నోటుపుస్తకం తెచ్చింది. ఎడమ పేజీలో తను తమిళ అక్షరాల్లో కృతి రాసేది. తమిళంలో త, ద, ధ అన్నిటికీ ఒకే అక్షరం కాబట్టి పైన చిన్న అంకెలు వెయ్యాలి. ద అయితే 3, ధ అయితే 4. మూడో నాలుగో తేల్చడానికి నన్ను పలికించుకునేది. కుడి పేజీలో నేను తెలుగులో రాసి, అర్థం చెబితే తను పక్కన తమిళంలో ఎక్కించుకునేది. రెండేళ్ళలో యాభై పైగా కృతులు అయ్యాయి. బదులుగా తను నాకు గోపాలకృష్ణ భారతి పాటలు చెప్పింది. రేపు పోతాను, చిదంబరం రేపు పోతాను అని పాడుకుంటూ ఎన్నాళ్ళకూ కదలలేకపోయిన, అంటరానివాడని గుడికి దూరంగా ఉంచిన శివభక్తుడు నందనారు కథ. అర్థం చెబుతూనే నన్ను పట్టాలు దాటించి తూర్పు గోపురం దాకా నడిపించేది. అన్నాళ్ళూ అదే గోపురం కింద నుంచి గొత్సు తినడానికి పోయినదాన్ని, ఆ రోజు గడప దగ్గర కాలు ఆగిపోయింది. తెలియని భాషలో పాట అర్థమైతే ఏమవుతుందో అప్పుడు నాకూ తెలిసింది.

ఇంకో సంగతి లైబ్రరీలో తెలిసి ఆశ్చర్యపోయాను. 1941లో ఆ సభ జరిగినప్పుడు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ మన తెలుగాయనే. కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఏలూరు మనిషి, 1937లో కొద్ది నెలలు మద్రాసు ప్రధానమంత్రిగా (ముఖ్యమంత్రిని అప్పుడు అలాగే అనేవాళ్ళు) చేసినవాడు. ఆయన మంత్రివర్గంలో రాజా సర్ పెద్దకొడుకు ముత్తయ్య చెట్టియారు కూడా ఉన్నాడు. ఆ రోజుల్లో మద్రాసులో ఎవరు ఎవరి మీద కత్తి కట్టారో తేల్చి చెప్పడం మా పంతులమ్మ అనుకున్నంత సులువు కాదు. సంగీత కళాశాలకు టైగర్ వరదాచారి ప్రిన్సిపాలుగా ఉండేవాడని, ఆ తర్వాతి కాలంలో దండపాణి దేశికర్ అక్కడే పాఠం చెప్పాడని కూడా అప్పుడే తెలిసింది.

1984 పొంగల్‌కు ఆచ్చి నన్ను వాళ్ళ ఊరికి తీసుకుపోయింది. తంజావూరు, పుదుక్కోట్టై మీదుగా బస్సు. ఎర్రనేల, తుమ్మచెట్లు, ఎక్కడా నీటి జాడ లేదు. ఆ పొడి నేల మధ్య ఒక్కసారిగా మేడలు! ఒక వీధిలో వాకిలి ఉంటే వెనక వీధిలో పెరటి గుమ్మం. బర్మా టేకు స్తంభాలు, ఆత్తంగుడి టైల్సు నేల. గోడకు చెంప ఆనిస్తే అద్దంలా చల్లగా తగిలింది. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి రుద్దుతారట. కానాడుకాత్తాన్‌లో రాజాగారి మేడ బయటి నుంచే చూశాం. నాకు మేడ కంటే దాని ముందరి నిశ్శబ్దమే ఎక్కువ గుర్తుంది.

ఆచ్చి తాతను వాళ్ళు అయ్యా అంటారు. ఎనభై దాటాయి. పదమూడో ఏట బర్మా పోయాడు. మన ఉత్తరాంధ్ర వాళ్ళు రంగం పోయాడు అంటారే, ఆ రంగూనే. మనవాళ్ళు రేవులో మూటలు మోయడానికి పోయారు, వీళ్ళు పెట్టె పక్కన కూర్చోవడానికి పోయారు. 'పెట్టియడి పయ్యన్' అంటే పెట్టె కాడ పిల్లాడు. "పెట్టె తెరిచి చూడకూడదు, పెట్టె మీంచి చూపు తియ్యకూడదు. అదే నా మొదటి ఉద్యోగం," అన్నాడు అయ్యా. తర్వాత లెక్కలు, తర్వాత వసూళ్ళు, తర్వాత మూడేళ్ళకొకసారి ఇంటికి. పుస్తకంలో పద్దు రాసే ముందు పైన పిళ్ళైయార్ సుళి అనే వినాయకుడి గుర్తు, 'శివమయం' అనే మాట. లాభంలోంచి 'మగమై' అని దేవుడి వాటా విడిగా తీయాలి. రాజా సర్ లాంటివాళ్ళ దానం నాకు అక్కడ అర్థమైంది. ఇవ్వాలనిపించి ఇవ్వడం కాదు, ఇవ్వడం పద్దులోనే ఉంది. అయితే మిగతావాళ్ళు ఆ పద్దుతో గుళ్ళు కట్టి, చెరువులు తవ్వి, వేదపాఠశాలలు పెడితే, ఈయన ఇంజనీరింగుకూ, రాగాలకూ దాన్ని మళ్ళించాడు. ఆయన గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది.

పద్దులో ఇంకో వైపు కూడా ఉంది. నేను ఎకనామిక్స్ విద్యార్థిని, అడగకుండా ఉండలేకపోయాను. 1930 తర్వాత వడ్ల ధర పడిపోయి బర్మా రైతులు బాకీలు కట్టలేక పొలాలు వదులుకున్నారు. దిగువ బర్మాలో వరి పండే పదమూడు జిల్లాల్లో 1930లో నూటికి ఆరు వంతుల భూమి చెట్టియార్ల పేర ఉంటే, 1930ల చివరికి పాతిక వంతులైంది. అయ్యా దాచలేదు. "మాకు పొలం వద్దమ్మా. పొలం ఏం చేసుకుంటాం? డబ్బు కావాలి. కానీ వాళ్ళ దగ్గర పొలం తప్ప ఏం మిగిలింది?" అన్నాడు. కాసేపాగి, "ఆ రైతుల ఇళ్ళ ఆడవాళ్ళ ముఖాలు ఇప్పటికీ కనిపిస్తాయి," అన్నాడు. 1942లో జపానువాళ్ళు వచ్చాక కాలినడకన కొండలు దాటి వచ్చాడు. పుస్తకాలన్నీ అక్కడే. 1948లో బర్మా సర్కారు భూములు జాతీయం చేసే చట్టం తెచ్చింది. అదే ఏడు జూన్‌లో రాజా సర్ పోయాడు.

నేను చదివిన యూనివర్సిటీ గోడల్లో ఆ బర్మా రైతుల వడ్లు ఎన్ని ఉన్నాయో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ రెండో వైపు కూడా రాయకుండా రాజా సర్‌ను పొగిడితే అది నా కృతజ్ఞతకే తక్కువ.

మర్నాడు సాయంత్రం అయ్యా, "పాప పాడితే వినాలని ఉంది," అన్నాడు. ఆచ్చి నావైపు ఒకసారి చూసి, కల్యాణి ఎత్తుకుంది. పాడటం అయ్యాక తాత పక్కన కూర్చుని, ఒక్కొక్క చరణం తమిళంలో చెప్పింది. ధనమా, సన్నిధా. గంగా, బురదబావా. ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. చేతివేళ్ళు మాత్రం తొడ మీద కదులుతున్నాయి.

"నా పెళ్ళిలో నాదస్వరంలో వాయించారు ఇది," అన్నాడు చివరికి. "మా అబ్బాయి పెళ్ళిలో పాడారు. డెబ్భై ఏళ్ళుగా నా ముందు పాడుతూనే ఉన్నారు. ఒక్కరూ చెప్పలేదే నాకు!"

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్నది కోపం కాదు. ఏదో బాకీ వసూలు కాకుండా మిగిలిపోయినట్టు ఉంది. నా మట్టుకు నాకు తమిళ ఇసై తగువు ఆ వరండాలో ముగిసింది. త్యాగయ్యను తోసెయ్యమని రాజా సర్ అన్నాడో లేదో మా పంతులమ్మే చెప్పాలి. ఈ ముసలాయనకు అర్థమయ్యే పాట ఒకటైనా ఉండాలి అన్నాడని నేను చెబుతాను. త్యాగయ్య కూడా తన వీధిలోవాళ్ళకు అర్థం కాకూడదని పాడలేదు కదా!

చదువైపోయిన ఏడాది డిసెంబరులో ఆచ్చి, నేను మద్రాసులో కలిసి రాజా అన్నామలై మండ్రానికి వెళ్ళాం. హైకోర్టు పక్కన ఎస్‌ప్లనేడ్‌లో ఉంటుంది. రాజా సర్ 1943లో మొదలుపెట్టిన తమిళ ఇసై సంగం కచేరీలకు సొంత ఇల్లు అది. 1952లో తెరిచారు, ఆయన చూడలేదు. ఆ రోజు ఒక ఓదువార్, అంటే శివాలయాల్లో తమిళ భక్తిపాటలు పాడే ఆయన, తేవారం పాడాడు. పక్కన కూర్చుని ఆచ్చి నా చెవిలో అర్థం చెబుతూనే ఉంది. వెనకనుంచి ఎవరో 'ష్' అన్నారు. ఆచ్చి వినలేదు.

మద్రాసులో స్థిరపడ్డ మా బంధువులు ఆర్.ఏ.పురం అంటుంటారు, అది రాజా అన్నామలై పురం అని గుర్తుచేస్తాను. చెపాక్ స్టేడియానికి పేరున్న ఎం.ఎ.చిదంబరం ఆయన చిన్నకొడుకు అని క్రికెట్ చూసే మా అబ్బాయికి కూడా తెలియదు. 2013లో యూనివర్సిటీని తమిళనాడు సర్కారు తీసుకుందని పేపర్లో చదివినప్పుడు నాయన అప్పటికి లేడు. ఉంటే ఆ ఇరవై లక్షల మాట మళ్ళీ చెప్పేవాడు.

నోటుపుస్తకం ఆచ్చి దగ్గరే ఉండిపోయింది. పోయిన నెల వాట్సాప్‌లో ఒక పేజీ ఫోటో వచ్చింది. ఎడమవైపు తన తమిళ అక్షరాలు, పైన మూళ్ళు, నాలుగులు. కుడివైపు నా తెలుగు, కొంచెం వాలుగా. కాగితం పసుపుపచ్చగా అయిపోయింది. 'కర్దమ' దగ్గర నేను రాసిన 'బురద' నీళ్ళు పడి చెరిగిపోయింది. ఆ మాట చుట్టూ కొత్తగా ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టి ఉంది. కింద ఆచ్చి మెసేజ్: "మనవరాలు నేర్చుకుంటోంది. అర్థం నువ్వే చెప్పాలట, నా తెలుగు మీద దానికి నమ్మకం లేదు."

రాత్రి వంటింటి పని అయ్యాక ఫోను పట్టుకుని కూర్చున్నాను. ముందు ఒకసారి నెమ్మదిగా పలికి, ద దగ్గర మూడు అని చెప్పి, తర్వాత తమిళంలో మొదలుపెట్టాను.